శీకాయ, నల్లతుమ్మ, సండ్ర: ప్రజాతి తేల్చడానికి పుప్పొడి చూడాలా, డీఎన్‌ఏ చాలా?

అడవిబాట_గిద్దలూరు

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ బాటనీ రెండో ఏడాది చదువుతున్నాను. మా ప్రాంతంలో, అంటే నల్లమల అంచున దొరికే తుమ్మ జాతుల మీద ప్రాజెక్టు తీసుకున్నాను. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, కస్తూరి తుమ్మ, సండ్ర, శీకాయ, రోడ్డు పక్కన నాటిన ఆస్ట్రేలియా తుమ్మ, ఇవన్నీ పాత పుస్తకాల్లో అకేసియా అనే ఒకే ప్రజాతి కింద ఉన్నాయి. కొత్త జాబితాల్లో చూస్తే మొదటి మూడూ వాచెల్లియా, సండ్ర శీకాయ రెండూ సెనెగాలియా, ఆస్ట్రేలియాది ఒక్కటే అకేసియా.

నాకు అర్థం కానిది శీకాయ. దాని పూలు నల్లతుమ్మ పూలలాగే గుండ్రటి బంతులు. సండ్ర పూలేమో పొడుగు కంకులు. మరి శీకాయని తీసుకెళ్లి సండ్రతో ఎలా కలిపారు? మా గైడ్ పుప్పొడి స్లైడులు చేసి పోల్చమంటున్నారు. సీనియర్లేమో ఇప్పుడంతా డీఎన్‌ఏనే, పుప్పొడితో టైమ్ వేస్ట్ అంటున్నారు. రెండింటికీ సరిపడా డబ్బూ టైమూ లేవు, నిజంగా టెన్షన్‌గా ఉంది. ఏది చేస్తే ఉపయోగం?

పుప్పొడి_పరిశీలన

మీ గైడ్ మాట వినండి. ఈ అకేసియా గొడవలో ముందు తేడా పట్టుకున్నది పుప్పొడే, డీఎన్‌ఏ తర్వాత వచ్చింది. ఫిలిప్ గినే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఈ మొక్కల పుప్పొడి మీద చేసిన పెద్ద పరిశీలన 1969లో మన పక్కనే, పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ప్రచురించింది. అకేసియా అంటున్న గుంపులో పుప్పొడి ఒక్క రకంగా లేదని, కొన్ని పెద్ద రకాలుగా విడిపోతుందని అందులో స్పష్టంగా కనిపిస్తుంది. 1972లో వాసల్ దీన్ని మూడు ఉపప్రజాతులుగా చేశాడు, 1986లో పెడ్లీ మూడూ వేర్వేరు ప్రజాతులే అన్నాడు. చాలామంది ఒప్పుకోలేదు. 2000 తర్వాత మిల్లర్, బేయర్ లాంటివాళ్లు క్లోరోప్లాస్ట్ (హరితరేణువు) డీఎన్‌ఏ చదివి, ఇవి ఒకే మూలం నుంచి విడిపోయిన ఒకే గుంపు కాదని చూపించాకే మిగతా వాళ్లు దారికి వచ్చారు. అంటే మైక్రోస్కోప్‌లో కనపడింది నిజమే అని తేలడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

ఇక మీ శీకాయ సంగతి. వీటి పుప్పొడి విడి రేణువులుగా రాలదు, కొన్ని రేణువులు గుత్తిగా అతుక్కుని ఉంటాయి, దాన్ని పాలియాడ్ అంటారు. నల్లతుమ్మ గుంపులో ఒక్కో రేణువు పైముఖం మీద రంధ్రాలతో పాటు సన్నటి గాడి ఉంటుంది, పై పొర అడ్డుకోత చూస్తే లోపల చిన్న చిన్న స్తంభాలు కనిపిస్తాయి. సండ్ర, శీకాయల్లో గాడి లేదు, రంధ్రాలే, పొర లోపల స్తంభాలకు బదులు గింజగింజలుగా ఉంటుంది. ఆస్ట్రేలియా వాటిలో గాడి లాంటిది కనిపిస్తుంది కానీ అది అసలు గాడి కాదు, పొర కూడా గింజల రకమే. కాబట్టి పూలు గుండ్రంగా ఉన్నా పుప్పొడి ప్రకారం శీకాయ సండ్రతోనే పోతుంది.

ముళ్లు కూడా అదే చెబుతాయి, దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. నల్లతుమ్మ ముల్లు పత్రపుచ్ఛం, అంటే ఆకు మొదట్లో ఉండే చిన్న రెక్క, మారి ఏర్పడింది, అందుకే ఆకు మొదట్లో రెండు వైపులా జతగా, నిటారుగా వస్తుంది. సండ్రకీ జతగానే ఉంటాయి కానీ అవి కొక్కేల్లా వంగిన ముళ్లు, బెరడు మీంచి లేచినవి. శీకాయ తీగ నిండా చెల్లాచెదురుగా ఉండేవీ ఆ రకమే. పూగుత్తి ఆకారాన్ని బట్టి ప్రజాతి తేల్చడం ప్రమాదం అని చెప్పడానికి శీకాయ కంటే మంచి ఉదాహరణ మన దగ్గర ఇంకోటి లేదు, మీ ప్రాజెక్టులో దాన్నే ముందు పెట్టండి.

ల్యాబ్_బెంచి

పై వివరణ బాగుంది. కానీ పుప్పొడి ఎంతవరకు పనికొస్తుందో కూడా చెప్పాలి. అది పెద్ద గుంపుల్ని విడదీస్తుంది, దగ్గరి జాతుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. ఒక్కో పాలియాడ్‌లో ఎన్ని రేణువులో లెక్కపెట్టి ఏదో తేలుద్దామని చాలామంది చూస్తారు, వాచెల్లియాలో 16 మామూలే, సెనెగాలియాలో 16 మామూలే, ఆస్ట్రేలియా వాటిలోనూ 16 మామూలే. ఎనిమిది రేణువులుండే అకేసియెల్లా లాంటి గుంపుల్లో ఆ లెక్క పనికొస్తుంది కానీ అవి అమెరికా ఖండాల మొక్కలు, మీకు తగలవు.

మీకు తగిలే అసలు చిక్కు సండ్రలోనే ఉంది. సెనెగాలియా కటేచు, సెనెగాలియా చుండ్ర అని రెండు పేర్లు కనిపిస్తాయి, మన దక్షిణాది పొడి అడవుల్లో ఎక్కువగా ఉండేది రెండోది. కొందరు రెండు జాతులంటారు, కొందరు ఒకే జాతిలో రకాలంటారు. ఆకు ఈనె మీద, పువ్వు మీద నూగు ఉందా లేదా అన్నదే ముఖ్యమైన తేడా. ఇక్కడ పుప్పొడి చూసి ఏమీ చెప్పలేరు.

డీఎన్‌ఏ అయితే తేల్చేస్తుందా అంటే అదీ అంత తేలిక కాదు. 2009లో మొక్కల బార్‌కోడ్ కింద, అంటే జాతిని గుర్తుపట్టడానికి చదివే చిన్న డీఎన్‌ఏ ముక్కలుగా, సిఫారసు చేసిన ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే రెండూ క్లోరోప్లాస్ట్ జన్యువులు. దగ్గరి జాతుల్లో అవి అక్షరం తేడా లేకుండా ఒకటే రావచ్చు. పైగా క్లోరోప్లాస్ట్ చాలా మొక్కల్లో తల్లి వైపు నుంచే వస్తుంది, కాబట్టి రెండు జాతులు సంకరమైన చెట్టుని దాంతో చూస్తే తల్లి పేరే చెబుతుంది, తండ్రి ఎవరో తెలియదు. అందుకే కేంద్రక డీఎన్‌ఏలోంచి కనీసం ఐటీఎస్ అనే భాగం కూడా చదవాలి. నల్లతుమ్మలో ఇంకో చిక్కు, అది నాలుగు సెట్ల క్రోమోజోములున్న మొక్క, ఈ గుంపు మూలసంఖ్య 13 అయితే దీనికి 52 ఉంటాయి, ఐటీఎస్ ఒక్కోసారి ఒకే చెట్టులో రెండు మూడు రకాలుగా వచ్చి సీక్వెన్స్ గజిబిజి అవుతుంది.

డీఎన్‌ఏ సీక్వెన్సులు దాచే జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ భాండారంలో పోల్చి 99 శాతం కలిసింది అని రాసేసి చేతులు దులుపుకోవద్దు. అక్కడ పేరు తప్పుగా పెట్టిన సీక్వెన్సులు ఉన్నాయి. వెనకాల హెర్బేరియం (ఎండబెట్టి దాచిన మొక్కల) నమూనా నంబరు ఉన్న వాటినే నమ్మండి.

సండ్రవనం

అసలు ప్రశ్నకి కొంచెం పక్కది, అయినా చెప్పాలి. వర్గీకరణలో మార్పు సరైనదే, నాకు అభ్యంతరం లేదు. పేరు పంచుకున్న తీరు మీదే నా బాధ. అకేసియా అన్న పేరుకి ఆధారంగా ఉన్న మొక్క మన నల్లతుమ్మే. ప్రజాతిని విడగొడితే ఆ పేరు దాని గుంపుకే రావాలి. ఆస్ట్రేలియా గుంపులో దాదాపు వెయ్యి జాతులున్నాయి, అన్నిటి పేర్లూ మార్చడం కష్టం అని ఆధార మొక్కనే మార్చే ప్రతిపాదన 2003లో పెట్టారు. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్రజ్ఞుల సమావేశంలో ఓటేసిన వాళ్లలో ఎక్కువమంది వద్దన్నారు, కానీ ఆపడానికి 60 శాతం కావాలన్నారు, అంత రాలేదు. 2011లో మెల్‌బోర్న్‌లో అదే ఖాయం చేశారు. ఆఫ్రికా, ఆసియా పల్లెల్లో వేల ఏళ్లుగా జిగురుకీ తోళ్లు ఊనడానికీ మేకల మేతకీ వాడుతున్న చెట్టు పేరు అలా పోయింది.

ఒక్క సంతోషం ఏంటంటే వాచెల్లియా అనే పేరు కూడా మన వైపు నుంచే వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ సర్జన్‌గా పనిచేసిన రాబర్ట్ వైట్, వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్నాట్‌తో కలిసి 1834లో కస్తూరి తుమ్మకి పెట్టిన పేరది. మీ ప్రాజెక్టులో ఈ వివరం తప్పకుండా రాయండి.

అడవిబాట_గిద్దలూరు

చాలా చాలా థాంక్స్ అందరికీ, సీనియర్లకి కూడా చూపించాను. పుప్పొడి అన్నిటికీ చేస్తాను, డీఎన్‌ఏ సండ్ర నమూనాలకి మాత్రమే చేద్దామని అనుకుంటున్నాను. అసెటోలిసిస్, అంటే ఆమ్లంతో పుప్పొడిని శుభ్రం చేసి పై పొర మాత్రం మిగిల్చే పద్ధతి, మా ల్యాబ్‌లో ఎవరూ చేసి చాలా కాలమైంది. జాగ్రత్తలేమైనా ఉంటే చెప్పండి. ఇంకోటి, సర్కారు తుమ్మని కూడా కలపమంటారా? ఊళ్లో అందరూ అది తుమ్మే అంటారు.

పుప్పొడి_పరిశీలన

సరైన నిర్ణయం. అసెటోలిసిస్‌లో అసిటిక్ అన్‌హైడ్రైడ్ తొమ్మిది పాళ్లు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక పాలు. ఆమ్లాన్నే అన్‌హైడ్రైడ్‌లో కొద్దికొద్దిగా పోయాలి. నీటి చుక్క తగిలితే ఉడికి చిమ్ముతుంది, అందుకే ముందు పుప్పొడిని గ్లేసియల్ అసిటిక్ ఆమ్లంతో కడిగి తడి లేకుండా చేయాలి. ఫ్యూమ్ హుడ్ లేకపోతే అసలు మొదలుపెట్టొద్దు. హుడ్ లేనప్పుడు శాఫ్రనిన్ (ఎర్ర రంగు) కలిపిన గ్లిజరిన్ జెల్లీలో నేరుగా స్లైడు చేసుకోండి, పొర లోపలి నిర్మాణం కనపడదు కానీ గాడి ఉందా లేదా అన్నది ఆయిల్ ఇమ్మర్షన్‌లో చూడొచ్చు.

విచ్చిన పూలు వద్దు, రేపు విచ్చుకుంటుంది అనుకున్న మొగ్గ తీసుకోండి. ఒక పరాగకోశాన్ని స్లైడు మీద నొక్కితే మామూలుగా ఎనిమిది పాలియాడ్లు వస్తాయి. తర్వాత అదే చెట్టు కీలాగ్రం కూడా చూడండి. అది ఒక్క పాలియాడ్ పట్టేంత గిన్నెలా ఉంటుంది. ఒక్క గుత్తి అందులో పడితే అండాశయంలోని అండాలన్నిటికీ సరిపడా రేణువులు ఒకేసారి చేరినట్టే, ఆ కాయలో గింజలన్నీ ఒకే తండ్రివి. కాయలో గరిష్ఠంగా ఉండే గింజల సంఖ్యకీ పాలియాడ్‌లో రేణువుల సంఖ్యకీ పొంతన ఉందని 1982లోనే కెన్రిక్, నాక్స్ చూపించారు. ఈ మొక్కల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇది, మీరు కాయలు కూడా లెక్కపెడితే ఒక మంచి పట్టిక తయారవుతుంది.

సర్కారు తుమ్మని తప్పకుండా కలపండి. దాని పుప్పొడి గుత్తి కాదు, విడి రేణువు. ఒక్క స్లైడుతో అది తుమ్మ కాదని చూపించేయొచ్చు. మొన్నటిదాకా జమ్మి, సర్కారు తుమ్మ రెండూ ప్రోసోపిస్ ప్రజాతే. డీఎన్‌ఏ ఆధారంగా 2022లో విడగొట్టారు, జమ్మి ప్రోసోపిస్‌లోనే ఉండిపోయింది, సర్కారు తుమ్మ నెల్ట్యూమా అయింది. రెండిట్లోనూ పుప్పొడి విడి రేణువే కాబట్టి ఇక్కడ పని తేల్చింది డీఎన్‌ఏ.

ల్యాబ్_బెంచి

సండ్ర ఆకులు కోసిన వెంటనే సిలికా జెల్‌లో వేయండి, లేతవి అయితే మేలు. తుమ్మ జాతుల్లో టానిన్లు, జిగురు ఎక్కువ, మామూలు కిట్‌తో డీఎన్‌ఏ గోధుమరంగు జిగటగా వచ్చి పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు తీసే ప్రక్రియ) పనిచేయదు. సీటీఏబీ అనే రసాయనంతో చేసే పద్ధతిలో, టానిన్లని పట్టేసే పీవీపీ కలిపి చేయండి. అడవి లోపల కోయడానికి అటవీ శాఖ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి, దానికి వారాలు పడుతుంది. మొగ్గ, ఆకు, కాయ, హెర్బేరియం కొమ్మ నాలుగూ ఒకే చెట్టువి అయి ఉండాలి, ఒకే నంబరు వేయాలి. నూగు ఉన్న సండ్ర, లేని సండ్ర రెండూ దొరికితే ఒక్కోదానికి కనీసం అయిదారు చెట్లు చూడండి, ఒక్క చెట్టు డీఎన్‌ఏతో జాతి తేడా చెబితే వైవాలో ఎవరూ ఒప్పుకోరు.