పిల్లలకి కథకీ నవలకీ తేడా ఎలా చెప్పాలి? కాస్త సాయం చేయండి

అందరికీ నమస్కారం అండి. మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. సాయంత్రాలు మేడ మీద ఎనిమిది, తొమ్మిది క్లాసుల పిల్లలకి తెలుగు చెప్తున్నా, వాళ్ళకి ప్రశ్న జవాబు బట్టీ పట్టడమే తప్ప కథని కథలా చదవడం అలవాటు లేదు, అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

గురజాడ గారి దిద్దుబాటుతో మొదలెట్టాను. 1910లో వచ్చింది, చిన్నది, ఒక్క ఇల్లు, ఒక్క రాత్రి, మొగుడూ పెళ్ళాం నౌకరు రాముడూ అంతే, కాబట్టి పాత్రలు, స్థలం, కాలం, సంఘర్షణ వేలు పెట్టి చూపించొచ్చు. భార్య మంచం కిందే ఉందని తెలిసేసరికి పిల్లలు పడీపడీ నవ్వారు, అప్పుడో పాప "ఇదే కథ రాముడు చెప్తే ఎలా ఉంటుంది టీచర్" అంది చూడండి, దృష్టికోణం పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది, నాకు భలే ఆనందమేసింది.

చిక్కెక్కడంటే, కథలో ఏం జరిగింది అన్నా, కథ దేని గురించి అన్నా ఒకటే జవాబు చెప్తున్నారు. ఈ రెండూ విడదీసి చెప్పడానికి మీరేం చేస్తారు? ఇంకోటి, నవలంటే పొడుగు కథ అనేస్తున్నారు. రావిశాస్త్రి గారు మన ఊరాయనే కదా అని అల్పజీవి అనుకున్నా గానీ ఈ వయసుకి బరువేమో. నాటకానికైతే కన్యాశుల్కంలో ఓ సీన్ పిల్లల చేతే చదివిస్తా, అంతా మాటల్లోనే నడుస్తుంది కాబట్టి తేడా వాళ్ళకే తెలుస్తుంది.

తొమ్మిదో క్లాసు పిల్లలు చదవగలిగే చిన్న నవల ఏదైనా చెప్పండి, ద్వారకానగర్ లైబ్రరీలో దొరికేదైతే ఇంకా మంచిది.