రాజమండ్రిలో వీరేశలింగం గారి ఇంటికి పిల్లల్ని తీసుకెళ్తే ఏం చూపించాలి?

బడిపంతులు:
నమస్కారం అండి. తొమ్మిదో క్లాసు పిల్లల్ని కందుకూరి వారి ఇంటికి తీసుకెళ్దామనుకుంటున్నా. ఏ రచయిత ఇంటికెళ్లినా పిల్లలు గోడ మీద ఫోటో, బల్ల, కుర్చీ చూసి సెల్ఫీ దిగి వచ్చేస్తారు, ఆయన ఎవరితో పోట్లాడాడో ఎందుకు రాశాడో వాళ్లకి ఎక్కదు. 1848లో పుట్టారు 1919లో పోయారు అంటే పరీక్షకి పనికొస్తుంది, అంతే. మీరైతే ఏం చేస్తారు?

గోదారి గట్టు:
పుట్టిన తేదీ పక్కనపెట్టి 1881 డిసెంబర్ 11 రాత్రితో మొదలుపెట్టండి సార్. వీరేశలింగం గారు చేయించిన మొదటి వితంతు వివాహం ఆయన ఇంట్లోనే జరిగింది. ఊరంతా వెలివేస్తామని బెదిరింపులు, గొడవలవుతాయని పోలీసు కాపలా, ఆయన దగ్గర చదువుకునే కుర్రాళ్లు అండగా నిలబడ్డారు, కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య గారి డబ్బు సాయం. గుమ్మం దగ్గర పిల్లల్ని ఆపి ఇదంతా చెప్పి, ఆ రాత్రి నువ్వు ఈ ఊళ్లో ఉంటే లోపలికెళ్లేవాడివా బయటే ఉండేవాడివా అని ఒక్కొక్కళ్లని అడగండి. జవాబు చెప్పాకే లోపలికి.

పాత పుస్తకాలు:
అందరూ ఆయన గురించే చెప్తారు, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారిని వదిలేస్తారు, నాకు అదే బాధ. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు రామంటే ఆవిడే గోదావరి నుంచి నీళ్లు మోసి వంట చేసింది. అందుకే బస్సు ఇంటి ముందు ఆపొద్దు, రేవు దగ్గర దింపండి, రెండు బిందెలు నింపి పిల్లలు మార్చుకుంటూ ఇంటిదాకా మొయ్యనివ్వండి. భుజం నొప్పెట్టాక ఆవిడ సంగతి చెప్తే బోర్డు మీద చదివినట్టు ఉండదు.

తెలుగు టీచరమ్మ:
బిందెల ఆలోచన చాలా బావుంది. ఒక్కటి మాత్రం, పెళ్లి నాటకంలా వేయించకండి దయచేసి, క్లాసులో తండ్రి లేని పిల్లలు ఉంటారు, వాళ్లమ్మ గుర్తొచ్చి నలుగురిలో నలిగిపోతారు. దాని బదులు వాళ్లచేత రాయించండి. ఆయన 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టింది ఊళ్లో జరిగే తప్పుల మీద రాయడానికే కదా, మన ఊళ్లో ఏది మారాలో తలో అర పేజీ ఆ ఇంట్లోనే కూర్చుని రాయాలి.

బడిపంతులు:
బిందెలు, అర పేజీ రెండూ ఖాయం అండి. నాటకం అనుకున్న మాట నిజమే, మానేస్తున్నా. లోపల కూర్చుని రాసుకోడానికి అక్కడి సిబ్బందిని ముందే అడుగుతాను.