రోజుకు నాలుగు క్లాసులు చెప్పే యోగా టీచరుకు విడిగా సాధన అక్కర్లేదా?

వేళచ్చేరి అక్క:
పొద్దున ఐదున్నరకి ఇక్కడ చెన్నైలో మా అపార్ట్‌మెంటు మేడ మీద ఒక క్లాసు. ఏడింటికి అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఆన్‌లైన్లో ఇంకోటి (వేసవిలో అక్కడి తూర్పు తీరాన రాత్రి తొమ్మిదిన్నర). పగలు రైలెక్కి మందవెల్లి వెళ్లి ఒక పెద్దాయనకి ప్రాణాయామం, సాయంత్రం ఓఎంఆర్‌లో (పాత మహాబలిపురం రోడ్డు) ఒక కంపెనీ వాళ్లకి. మొన్న బ్యాచ్‌లో ఒకావిడ "మీకేమండీ, రోజంతా సాధనే" అంది. నాతో ట్రైనింగ్ చేసిన స్నేహితురాలేమో "నువ్వు సాధన మానేసి ఎన్నాళ్లయిందే?" అంటుంది. నేర్పడం సాధన కిందికి వస్తుందా, రాదా?

గోదారి గట్టు:
ఎందుకు రాదండీ? గీతలో "యోగః కర్మసు కౌశలమ్" (పనిలో నేర్పే యోగం) అన్నాక ఇంకేం కావాలి? ఫలం మీద ఆశ లేకుండా నలుగురికీ మేలు చేస్తున్నారు.

పెరంబూరు పంతులు:
ఆశ లేకుండానా? ఒకటో తారీఖు దాటితే గ్రూపులో ఫీజు గుర్తుచేయని టీచర్ని చూపించండి సార్.

వేళచ్చేరి అక్క:
నేనూ గుర్తుచేస్తాను. ఇంటివాళ్లు అద్దె అడిగేదీ ఒకటో తారీఖే. ఆ గొడవ ఇక్కడ వద్దు.

ఎడమకాలు:
నేనూ టీచర్నే, నంగనల్లూరులో. నా లెక్కలో రాదు. శాస్త్రాల దాకా పోనక్కర్లేదు, క్లాసులో మన ఊపిరి చూసుకుంటే తెలిసిపోతుంది. "గాలి లోపలికి తీసుకోండి" అని మనం అంటున్నప్పుడు మన గాలి బయటికి పోతోంది. మాట్లాడుతూ ఎవరూ గాలి పీల్చలేరు కదా! వాళ్లకి ఏం చెబుతున్నామో దానికి తలకిందులుగా మన శ్వాస నడుస్తుంది, అదీ గంటసేపు. ఎదురుగా నిలబడతాం కాబట్టి నోటితో కుడికాలు అంటూ ఎడమకాలు కదుపుతాం (నా పేరు అందుకే). త్రికోణాసనం ఒక పక్క చేసి చూపించి, రెండో పక్కకి వచ్చేసరికి ఎవరి మోకాలు వంగిందో చూడ్డానికి చాప దిగిపోతాం. అలా ఏళ్లు గడిస్తే ఒకవైపు తుంటి పట్టేస్తుంది. నాకు తెలిసిన టీచర్లలో ఈ నొప్పి ఉన్నవాళ్లున్నారు, విద్యార్థుల ముందు బయటపడరు.

యోగసూత్రాల్లో పతంజలి ఆసనం గురించి చెప్పినవే మూడు సూత్రాలు. స్థిరసుఖంగా ఉండాలన్నది మొదటిది. ప్రయత్నం సడలాలి, మనసు అనంతంలో నిలవాలన్నది రెండోది. నా మనసు మాత్రం మూడో వరసలో మెడనొప్పి ఉన్నాయన మెడ మీద బరువు పడే సర్వాంగాసనం ఎక్కేస్తున్నాడేమోనని అక్కడే ఉంటుంది. ఉండాలి కూడా. నేను కళ్లు మూసుకుని అనంతంలోకి పోతే ఆయన మెడ గతేంటి?

పెరంబూరు పంతులు:
ఈ ఊళ్లో పాటల టీచర్లని అడగండి. పొద్దస్తమానం సరళీ వరసలు చెప్పినావిడైనా మార్గళిలో (డిసెంబరు సంగీతోత్సవాలప్పుడు) కచేరీకి ఒప్పుకుంటే తలుపేసుకుని తన సాధకం తను చేసుకోవాల్సిందే.

ఇద్దరు పిల్లల తల్లి:
తలుపేసుకోవడానికి అందరిళ్లలోనూ గది ఉంటుందా సార్? బ్రాహ్మీముహూర్తంలో లేచి గంటన్నర సొంత సాధన అనేది, చాప చుట్టేసరికి కాఫీ చేతికందే మగవాళ్ల మాట. పగలంతా నన్ను ఎవరూ "అమ్మా" అని పిలవని గంట క్లాసు గంటే. అందులో చివర వాళ్లని శవాసనంలో పడుకోబెట్టి నేను గోడకానుకుని కూర్చునే పది నిమిషాలున్నాయే, వాటిని సాధన కాదంటే నేనొప్పుకోను. దీర్ఘకాలం, ఎడతెగకుండా, శ్రద్ధగా చెయ్యమన్నాడు పతంజలి. గంటల లెక్క ఎక్కడా పెట్టలేదు.

ఎడమకాలు:
ఆ పది నిమిషాలూ సాధనే, నేనూ ఒప్పుకుంటా. అప్పుడు మీరు చూపించట్లేదు, మాట్లాడట్లేదు. సంసారంలో ఉన్నవాళ్లకి తగ్గట్టు కుదించి ఇవ్వడం మన మద్రాసుకి కొత్త కూడా కాదు. తను నడిపిన మైసూరు యోగశాల 1950లో మూతపడ్డాక యోగా గురువు కృష్ణమాచార్యులు గారు ఈ ఊరు చేరి, 1989లో పోయేదాకా ఇక్కడే ఉన్నారు. మనిషి వయసు, ఒంటి తీరు, చేసే ఉద్యోగం చూసి ఒక్కొక్కరికి విడిగా చెప్పేవారు. కుమారుడు దేశికాచార్ 1976లో ఆయన పేరిట పెట్టిన యోగ మందిరంలోనూ అదే పద్ధతి. తొంభై ఆరో ఏట తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ వద్దని, మంచం మీదే చేసుకోగల సాధన తనకు తనే కూర్చుకున్నారాయన. అది క్లాసులో చూపించడానికి పనికొచ్చేది కాదు, ఆయన ఒంటికి మాత్రం సరిపోయింది.

గోదారి గట్టు:
చివరిదాకా నేర్పారు కూడా కదండీ. నేర్పడం ఆయన సాధనను చెడగొట్టలేదుగా!

ఎడమకాలు:
చెడగొడుతుందని ఎవరన్నారు? ఒకటి చేస్తే రెండోది తీరిపోదంటున్నా.

వేళచ్చేరి అక్క:
సరే, ఆన్‌లైన్ బ్యాచ్‌లో చేసి చూపించడం ఆపేసి మాటతోనే నడిపిద్దామనుకుంటున్నా. మేడ మీద పాత విద్యార్థి ఎవరినైనా ముందు నిలబెడతాను. ఆ మిగిలిన ఓపికతో ఎనిమిదింటికి, ఏమీ తినకముందే, అరగంట నాకోసం చేసుకోవచ్చు.

న్యూజెర్సీ నాయుడు:
అక్కా, మీ బ్యాచ్ కాదుగానీ నేనూ ఇలాంటి క్లాసులోనే ఉన్నా. చూపించకపోతే ఇక స్క్రీన్ ఎందుకు, ఫోన్లో వింటే చాలదా? ఫీజు తగ్గిస్తారా మరి?

ఎడమకాలు:
పైసా తగ్గించొద్దు అక్కా. తను చేసి చూపించేటప్పుడు టీచరు మిమ్మల్ని సగమే చూడగలదండీ నాయుడు గారూ. చేయడం ఆపితే పూర్తిగా మీ మీదే కన్నేస్తుంది.

న్యూజెర్సీ నాయుడు:
మేమెవరం కెమెరా ఆన్ చెయ్యం కదండీ.