రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ అడుగు దాటేసింది, ఇప్పుడేం చేయాలి?

కొత్తతొట్టి:
అందరికీ నమస్కారం. ఏడు నెలల కింద మూడంగుళాల రెడ్‌టెయిల్ పిల్లను తెచ్చాను. నల్లటి వీపు, పక్కన తెల్లటి పట్టీ, ఎర్రటి తోక, ఆ పొడుగాటి మీసాలు చూశాక మనసాగలేదు. అమ్మినతను "తొట్టి ఎంతుంటే అంతే పెరుగుతుంది, టెన్షన్ లేదు" అన్నాడు. నిన్న కొలిస్తే పదమూడంగుళాలు! తొట్టి నాలుగడుగులది, వెడల్పు అడుగున్నర. వెనక్కి తిరగాలంటే ఒళ్లు విల్లులా వంచుతోంది. తోడుగా వేసిన ఆరు బార్బ్ చేపల్లో రెండే మిగిలాయి. చచ్చి పైకి తేలిందీ లేదు, అడుగున దొరికిందీ లేదు. ఆరడుగుల తొట్టి కొంటే సరిపోతుందా?

మీసాలరాయుడు:
మిగిలిన రెంటికీ ఇప్పుడే వీడ్కోలు చెప్పేయండి :) నోట్లో పట్టేదేదైనా దానికి మేతే. పగలంతా మూల పడుకుని అమాయకంగా చూస్తుంది, లైటు తీశాక మొదలవుతుంది దాని పని.

ఆరడుగుల తొట్టి మాత్రం కొనకండి. 6×2×2 అంటే దాదాపు 680 లీటర్లు. మహా అయితే ఒక ఏడాది గడుస్తుంది. ఇది అమెజాన్, ఒరినోకో నదుల చేప. మూడడుగులు దాటడం మామూలే, నాలుగడుగులవీ ఉన్నాయి. బ్రెజిల్‌లో 2010లో గాలానికి పడ్డ ఒకటి 56 కిలోలు తూగి రికార్డుకెక్కింది. ఇలాంటి చేపకు తొట్టి పొడవు కాదండీ చూడాల్సింది, వెడల్పు. రెండడుగుల వెడల్పులో మూడడుగుల చేప ఎలా తిరుగుతుంది? దాన్ని తొట్టి అనరు, గొట్టం అంటారు.

సంప్‌పిచ్చి:
"తొట్టి ఎంతుంటే అంతే పెరుగుతుంది" అనే మాట ఎవరు పుట్టించారో గానీ లక్షల చేపల్ని చంపింది. ఇరుకు తొట్టిలో ఎదుగుదల మందగించడం నిజమే. నీళ్లలో వ్యర్థాలు పేరుకుని, కదలడానికి చోటు లేక ఆరోగ్యం పాడై ఆగుతుంది తప్ప, చేప అద్దాన్ని చూసి సర్దుకుని కాదు. వెన్ను వంకరపోయిన రెడ్‌టెయిల్‌ని ఒక్కసారి చూస్తే ఆ మాట మళ్లీ అనరు.

నీళ్ల సంగతి వివరంగా చెప్తా, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది అక్కడే. చేప విసర్జించే అమ్మోనియాని ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఎంత ఖరీదైన ఫిల్టరైనా మామూలుగా అక్కడితో ఆగిపోతుంది. నైట్రేట్ పోవాలంటే నీళ్లు మార్చాల్సిందే. నా దగ్గర రెడ్‌టెయిల్ ఉన్నప్పుడు నైట్రేట్ వారానికి 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) చొప్పున పెరిగేది. వారం వారం సగం నీళ్లు మార్చేవాణ్ని. కష్టపడుతున్నా కదా, తగ్గుతుంది అనుకున్నా. ఎక్కడ తగ్గుతుంది? మార్చే రోజుకి 80, మార్చాక 40, వారం తిరిగేసరికి మళ్లీ 80. లెక్క అక్కడే కుదురుకుంటుంది. పైగా చేప పెరిగేకొద్దీ ఆ 40 కాస్తా 60 అవుతుంది. టెస్ట్ కిట్ కొని ఒక్క వారం రోజూ కొలిచి చూడండి, మీకే అర్థమవుతుంది.

పాతకాపు:
అందరూ మరీ భయపెట్టేస్తున్నారు. నేను ఐదడుగుల తొట్టిలో ఇరిడిసెంట్ షార్క్ ఆరేళ్లు పెంచా. బాగానే ఉండేది.

రాత్రిగస్తీ:
ఆ "షార్క్" కూడా క్యాట్‌ఫిష్షే అన్నా. మెకాంగ్ నది జాతి, చెరువుల్లో పెంచి తినడానికి అమ్మే పంగస్ అదే. నాలుగడుగులు ఎదిగే చేప ఐదడుగుల తొట్టిలో ఆరేళ్లు ఉందంటే... ముక్కు ఎలా ఉండేది? నిజం చెప్పు.

పాతకాపు:
సరే, చెప్తా. ముక్కు చదునైపోయింది. గదిలో లైటు వేసిన ప్రతిసారీ బెదిరి అద్దానికి గుద్దుకునేది. అది గుంపుగా తిరిగే చేప అని, ఒంటరిగా ఉంటే ఇంకా బెదురుతుందని తర్వాత తెలిసింది. చివర్లో ఒక కన్ను తెల్లబడింది. బాగానే ఉండేది అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా.

రాత్రిగస్తీ:
ఇందులో తప్పొప్పుల మాటేం లేదు, మనందరం అలాగే నేర్చుకున్నాం. నా రెడ్‌టెయిల్ కథ వినండి. రెండడుగులున్నప్పుడు ఒక రాత్రి టప్‌మని చప్పుడు. లేచి చూస్తే గాజు హీటర్ ముక్కలై ఉంది. మళ్లీ వారానికే థర్మామీటర్ మాయం. అద్దానికి అతికించిన చోట గుండ్రటి మరక మాత్రమే ఉంది. మూడో రోజు పొద్దున ఇసుక మీద పడి ఉంది, చెక్కుచెదరలేదు. నా చేప అదృష్టం బాగుండి కక్కేసింది. గులకరాళ్లు మింగి, కక్కలేక చచ్చిపోయినవీ ఉన్నాయి. అందుకే తొట్టి అడుగున ఏమీ వేయొద్దు, వేస్తే సన్నటి ఇసుక. హీటర్ సంప్‌లో (తొట్టికి విడిగా ఉండే ఫిల్టర్ తొట్టిలో) పెట్టుకోండి, లేదా కవచం బిగించండి. నీళ్లు 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటే చాలు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, దీని మీద ప్రేమ పుడుతుంది. మూత తీసే చప్పుడు విని పైకొస్తుంది. మీసాలతో వేళ్లు తడుముతుంది. పట్టుకుంటే టిక్ టిక్ మని శబ్దం చేస్తుంది. బ్రెజిల్‌లో దీన్ని పిరరారా అంటారట. పిరా అంటే చేప, అరారా అంటే పంచవన్నెల పెద్ద చిలుక. ఆ తోక చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

కొత్తతొట్టి:
మేత సంగతి కూడా చెప్పండి. రోజుకు రెండుసార్లు వేస్తున్నా. మధ్యమధ్యలో బతికున్న గోల్డ్‌ఫిష్ కూడా.

మీసాలరాయుడు:
అమ్మో! రోజుకు రెండుసార్లా! ఆ సైజుకి రోజు విడిచి రోజు చాలు. బాగా పెద్దదయ్యాక వారానికి ఒకటి రెండుసార్లు. ఇంకా కావాలని అడుగుతూనే ఉంటుంది, పట్టించుకోకండి. గోల్డ్‌ఫిష్ వెంటనే ఆపేయండి. వాటితో రోగాలొస్తాయి, పైగా వాటిలోని థయామినేజ్ అనే ఎంజైమ్ విటమిన్ బి1ని నాశనం చేస్తుంది. కోడి, మేక మాంసం కూడా వద్దు, ఆ కొవ్వు దీనికి పడదు. మునిగే పెల్లెట్లు, రొయ్యలు, చేప ముక్కలు వేయండి. ఒంటికి పొలుసులుండవు కాబట్టి ఏదైనా జబ్బు చేస్తే కాపర్ (రాగి) కలిసిన మందులు కొలత లేకుండా పోసేయకండి.

సరదాగా22:
ఇంత గొడవెందుకు బ్రో, దగ్గర్లో ఏదైనా చెరువులో వదిలేస్తే హాయిగా బతుకుతుంది కదా.

సంప్‌పిచ్చి:
దయచేసి ఆ పని మాత్రం వద్దు. బతకకపోతే మీరు చంపినట్టు. బతికితే ఆ చెరువులో చేపలకు మూడినట్టు. అద్దం నాకుతుందని అందరూ కొనుక్కున్న సక్కర్ క్యాట్‌ఫిష్ ఇలాగే వదిలేయబట్టి ఎన్నో దేశాల నదుల్లో నిండిపోయింది, వలలు చింపేస్తోంది. చాలాచోట్ల ఇలా వదలడం నేరం కూడా.

రాత్రిగస్తీ:
ఇక మిగిలిన దారులు రెండు. ఒకటి, ఇంట్లోనే కొలను కట్టడం. 12 అడుగుల పొడవు, 8 వెడల్పు, 4 లోతు అంటే దాదాపు 10,900 లీటర్లు, నీళ్ల బరువే దగ్గర దగ్గర పదకొండు టన్నులు. మేడ మీద ఆలోచనే వద్దు. రెండు, ఇప్పటికే అంత కొలను ఉన్నవాళ్లకు ఇచ్చేయడం. పెద్ద పబ్లిక్ అక్వేరియంలను అడిగి లాభం ఉండదు, ఇలా తెచ్చిచ్చిన రెడ్‌టెయిల్స్‌తో అవి విసిగిపోయి ఉన్నాయి. ఇచ్చేదేదో ఇప్పుడే ఇవ్వండి. పదమూడంగుళాల చేపను తీసుకుంటారు, మూడడుగుల దాన్ని మోయడానికే ముగ్గురు కావాలి.

నేను ఇచ్చేశాను. ఆ తొట్టిలో ఇప్పుడు పిక్టస్ క్యాట్‌ఫిష్‌లు ఐదున్నాయి. ఒక్కోటి ఐదంగుళాలు. మీసాలకు తక్కువేం లేదు.

కొత్తతొట్టి:
నెల తర్వాత వస్తున్నా, ఆలస్యానికి సారీ. ఇంట్లో కొలను ఉన్న ఒకాయన దొరికారు. ముందు మూడు రోజులు మేత ఆపాను, దారిలో కక్కి నీళ్లు పాడుచేయకుండా. వల వాడొద్దన్నారాయన. పక్క రెక్కల ముళ్లు వలలో ఇరుక్కుంటాయట. తడి టార్పాలిన్ కిందికి పోనిచ్చి ఇద్దరం రెండు వైపులా ఎత్తాం. టిక్ టిక్ శబ్దం అప్పుడు విన్నా. కొలిస్తే పదిహేనంగుళాలు.

అక్కడ రెండున్నర అడుగుల రెడ్‌టెయిల్ ఇంకోటి ఉంది. నాది దానికి ఒక నోటి ముద్ద. అందుకని కొన్నాళ్లు మధ్యలో జాలీ కట్టి విడిగా ఉంచుతానన్నారు. నీళ్లలో వదలగానే అడుగుకి దిగి, ఒక్కసారి కూడా ఒళ్లు వంచకుండా చాలా దూరం నేరుగా వెళ్లింది.

ఇంటికొచ్చి తెచ్చిన టబ్బు కడుగుతుంటే అడుగున ఒక రబ్బరు ముక్క. మూడు వారాలుగా వెతుకుతున్న హీటర్ సక్షన్ కప్పు అది.