క్యోటోలో గుడ్డు లేని మిఠాయిలు ఏవి?

ప్రశ్న (బాటసారి): జూన్ చివరి వారంలో అమ్మను తీసుకుని క్యోటో వెళ్తున్నాను. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. అక్కడి పాత దుకాణాల్లో చేత్తో చేసే పువ్వుల్లాంటి మిఠాయిల ఫొటోలు చూసినప్పటినుంచి అవే కావాలంటోంది. వాటిలో ఏమేం వేస్తారు? ఊళ్ళో పంచడానికి నాలుగు డబ్బాలు తెచ్చుకోవచ్చా?

ఒసాకా వాసి: డబ్బాల ఆలోచన మానుకోండి. నామగాషి అనే ఆ రకం ఒకటి రెండు రోజులకు మించి నిలవ ఉండదు. దుకాణంలోనే కూర్చుని, మాచ్చా అనే పచ్చ టీ పొడితో చేసిన టీతో తినాలి.

చిక్కుడు గింజలను ఉడికించి, పొట్టు తీసి, చక్కెరతో దగ్గరపడేదాకా కలియబెట్టిన ముద్దే అందులో ముఖ్యం. మన పూర్ణానికి దగ్గరగా ఉంటుంది కానీ నెయ్యి, యాలకులు ఉండవు. మొదటి ముక్కకు అమ్మ పెదవి విరిస్తే కంగారు పడకండి, టీ చేదు తగిలాక రుచి తెలుస్తుంది. ఈ మిఠాయిల్లోనే కింతోన్ అనే రకం చేసేవారు కనిపిస్తే కాసేపు నిలబడి చూడండి. రంగు కలిపిన ముద్దను జల్లెడ మీద అదిమి సన్నని పోగులు తీస్తారు. ఆ పోగులను పుల్లలతో చిటికెడు చిటికెడుగా ఎత్తి, లోపలి ఉండ చుట్టూ అతికిస్తారు. కాస్త నొక్కు ఎక్కువైతే పోగులు చితికిపోతాయి, ఇక అది అమ్మకానికి పనికిరాదు. జూన్‌లో నీలం, ఊదా రంగుల హైడ్రాంజియా పువ్వులు చేస్తారు.

జూన్ 30న అక్కడే ఉంటే మినాజుకి తప్పక తినండి. ఆవిరి మీద ఉడికించిన తెల్లని పిండి మీద అజుకి అనే ఎర్ర చిక్కుడు గింజలు పరిచి, త్రికోణంగా కోస్తారు. సగం ఏడాది కీడు పోవాలని ఆ రోజు క్యోటోవాళ్ళు తింటారు. మంచుగడ్డ సామాన్యులకు అందని కాలంలో దానికి బదులుగా పుట్టిందంటారు.

దొరాయాకి (చిక్కుడు ముద్ద పెట్టిన చిన్న అట్ల జంట), కాసుతెరా (స్పాంజి కేకు) వద్దు, రెంటిలోనూ గుడ్డు ఉంటుంది. ఊరికి యోకాన్ అనే గట్టి చిక్కుడు ముద్ద బిళ్ళలు తీసుకెళ్ళండి. దాన్ని గట్టిపరిచేది జెలటిన్ కాదు, సముద్రపు నాచు నుంచి తీసే అగర్. తొరాయా వారి చిన్న ప్యాకెట్లు నెలల తరబడి నిలవ ఉంటాయి. వాళ్ళది క్యోటోలో 16వ శతాబ్దపు దుకాణం, 1869లో చక్రవర్తి వెంట టోక్యోకు కూడా వెళ్ళింది. ఏది కొన్నా గుడ్డు ఉందా అని ఒకసారి అడగండి, ఈ మధ్య కొత్త పోకడలు ఎక్కువయ్యాయి.

తీపి నాలుక: ఇమమియా గుడి తూర్పు ద్వారం దగ్గర అబురి మోచి మరిచారా! బొటనవేలంత మోచి (దంచిన బియ్యపు ముద్ద) ముక్కలను వేయించిన సోయా పిండిలో దొర్లించి, వెదురు పుల్లకు గుచ్చి, బొగ్గుల మీద కాల్చి, తెల్ల మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పాకం పోస్తారు. దుకాణాలు రెండు, ఎదురెదురుగా. ఇచివా 1000వ సంవత్సరం నుంచి ఉందని చెబుతారు, ఎదుటి కజారియా కూడా పాతదే. మా ఇంట్లో ఏది మేలో ఇంకా తేలలేదు.

బాటసారి: క్యోటోలోని గియోన్ పేటలో కుజుకిరి బాగుంటుందని విన్నాను. నిజమేనా?

ఒసాకా వాసి: నిజమే, అక్కడి కాగిజెన్ దుకాణంలో తినండి. కుజు దుంప పిండితో చేసిన పారదర్శకమైన పట్టీలను మంచు నీళ్ళలో వేసి ఇస్తారు, నల్ల బెల్లం పాకంలో ముంచుకోవాలి. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు, ఆలస్యమైతే ఆ పట్టీల సాగుడు పోతుంది. వరుస పొడవుగా ఉంటే అమ్మను ఎక్కడైనా కూర్చోబెట్టి మీరు నిలబడండి.