వెబ్‌క్వెస్ట్ (వెబ్ పేజీలు చదివి చేసే బడి పని) ఇస్తే పిల్లలు కాపీ కొడుతున్నారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: చెన్నైలో 8వ తరగతి. 40 మంది, 10 కంప్యూటర్లు. 2019 నీటి కొరతకు కారణాలు వెతకమంటే అందరూ ఒకే పేజీ దించేస్తున్నారండీ.

జవాబు: లోపం ప్రశ్నలోనే ఉందండీ. కారణాలడిగితే గూగుల్ మొదటి పేజీలోనే దొరుకుతాయి. అమెరికా ప్రొఫెసర్ బెర్నీ డాడ్జ్ 1995లో వెబ్‌క్వెస్ట్ రూపొందించింది వెతికించడానికి కాదు, దొరికినదానితో ఆలోచింపజెయ్యడానికి. "రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాల్లో ముందు దేనికి పూడిక తియ్యాలి? ఎందుకు?" అనండి. నలుగురికో కంప్యూటర్; ఇంజినీరు, రైతు, ట్యాంకరు యజమాని, గృహిణి, తలా ఒక పాత్ర. పాత్ర మారితే కాపీకి చోటుండదు.

మరో జవాబు: లింకులు మీరే ఐదారు ఇవ్వండి. చెన్నైకి నీళ్లిచ్చే మెట్రోవాటర్ సంస్థ సైట్‌లో జలాశయాల రోజువారీ మట్టాలుంటాయి, అది తప్పనిసరి. ముందురోజు ల్యాబ్‌లోనే తెరిచి చూడండి. ఇంట్లో తెరుచుకున్నది బడి ఇంటర్నెట్ ఫిల్టరు ఆపేయొచ్చు. అన్నట్టు, దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక మొదటిరోజే చేతికివ్వండి.