మెనోర్కాలో అద్దె పడవను మనమే నడుపుకోవాలా, సరంగు ఉన్న పడవ ఎక్కాలా?

మిద్దెతోట:
సెప్టెంబరులో అమ్మానాన్నలతో కలిసి స్పెయిన్ దీవి మెనోర్కా దక్షిణ తీరంలోని కాలా గల్దానాలో మూడు రోజులు ఉంటాము. లైసెన్సు అక్కర్లేని చిన్న పడవ అద్దెకు తీసుకుని మకరెల్లా, త్రెబలూజెర్ అఖాతాలు చూడాలని నా కోరిక. సరంగు ఉన్న పడవే ఎక్కుదామని మా ఆవిడ పట్టు. నాన్నగారికి ఈత రాదు. ఏది మేలంటారు?

తెడ్డుగాడు:
మీరే నడపండి. స్పెయిన్‌లో 5 మీటర్ల లోపు పొడవు, 15 హార్స్ పవర్ లోపు ఇంజను ఉన్న పడవకు లైసెన్సు అవసరం లేదు. పగటిపూట, రేవు నుంచి 2 నాటికల్ మైళ్ళ లోపల తిరిగితే చాలు. త్రెబలూజెర్‌కు కారు దారి లేదు కనుక పొద్దున్నే పడవలో చేరినవారికి సున్నపురాతి గోడల మధ్య ఆ ఇసుకా, వెనుక నుంచి వచ్చే వాగూ దాదాపు సొంతమే. తెల్లని ఇసుక మీద లంగరు వేసి, నీటిలో చూసే అద్దాలు పెట్టుకుని గంటసేపు చేపల్ని చూడవచ్చు. పెద్ద పడవలో అయితే మనసు నిండకముందే ఈల వేసి ఎక్కమంటారు.

ఉప్పుగాలి:
లైసెన్సు అక్కర్లేదన్న మాటే మమ్మల్ని ముంచింది. పది నిమిషాలు నేర్పి తాళం చేతిలో పెట్టారు. లంగరు వేస్తే, కింద పోసిడోనియా నాచు ఉందని గస్తీవారు లేపేశారు. తిరిగి వచ్చాక ప్రొపెల్లరు గీసుకుందని డిపాజిట్‌లో 300 యూరోలు కోసుకున్నారు.

తెడ్డుగాడు:
పోసిడోనియా నాచు కాదు. వేళ్ళూ పూలూ కాయలూ ఉన్న మొక్క, ఈ జాతి మధ్యధరా సముద్రంలో తప్ప మరెక్కడా పెరగదు, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతుంది. మెనోర్కా ఉన్న బలేరిక్ దీవుల్లో 2018 నాటి ఉత్తర్వు ప్రకారం దాని మీద లంగరు వేయడం నిషిద్ధం.

పాతచెప్పులు:
కామి దె కవాల్స్ కాలిబాట మీద మకరెల్లాకు ముప్పావు గంట నడక. పడవ ఎందుకు?

ఉప్పుగాలి:
నాచో మొక్కో, నేనిక్కడికి వృక్షశాస్త్రం పరీక్ష రాయడానికి రాలేదు.

తెడ్డుగాడు:
నాచే కదా అనుకున్నవారే దాని మీద లంగరు దింపుతారు. నీరు నల్లగా కనిపించే చోట వేయకూడదన్నంత చిన్న సంగతి తెలియక, ఇప్పుడు అందరినీ భయపెట్టడం న్యాయం కాదు.

భీమిలితెప్ప:
ఒక మాట. ఉత్తరపు గాలి, అంటే అక్కడివారి త్రమున్తానా, వీచే రోజున దక్షిణపు ఒడ్డున నీరు అద్దంలా ఉంటుంది. మోసమంతా అందులోనే ఉంది. ఇంజను ఆగితే ఆ గాలి పడవను ఒడ్డుకు కాక నడిసముద్రానికి తోస్తుంది.

ఉప్పుగాలి:
మాకు జరిగింది అదే. మామయ్యగారు వెనక్కి వెళదామని మూడుసార్లు అడిగారు. మా ఆయన చుక్కాని వదలకుండా, "ఇంకొక్క మలుపు, నాన్నా" అన్నారు. ఇంజను ఆగి అరగంట కొట్టుకుపోయాము. డిపాజిట్ పోయినందుకు కాదు నా బాధ. ఆ రోజు నుంచి మామయ్యగారు కొడుకుతో ఎక్కడికీ రావడం లేదు.

తెడ్డుగాడు:
అది ముందే చెప్పి ఉంటే నేను అంత మాట అనేవాణ్ణి కాదు, మన్నించండి. అయినా చుక్కాని పట్టినవాడి మాటే చెల్లాలి. లేకపోతే పడవలో ప్రతివారూ సరంగులే.

ఉప్పుగాలి:
పదిమందిలో ఒక్కరికి భయం వేసినా పడవ తిప్పాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

మిద్దెతోట:
నాన్నగారిని నేను ఇంతవరకు అడగనే లేదు. ఈ సాయంత్రం ఫోను చేస్తాను.

పాతచెప్పులు:
నడక సంగతి కూడా అడగండి.